ఏడు ట్యూనా డబ్బాలు

తుంటి ఆపరేషనుకి వెళ్తూ బాల్తసార్
నా చేతిలో పెట్టినవి రెండే.
గుడ్డలో చుట్టిన వంటింటి కత్తి,
కడిగి ఆరబెట్టిన ఏడు ట్యూనా డబ్బాలు.
"అంతా వీటిలోనే ఉంది, గురీసా" అన్నాడు.
మా దురాస్నోలో గురీసా అంటే పిల్లా అని.
నాకు ముప్పై ఒకటి.

జనవరి. యీ నది ఇసుక మేటల మధ్య సన్నబడింది.
కంచె నీడ ఎంతుంటే అంతలోనే
ఆవులు సర్దుకు పడుకున్నాయి.
నేను రోజూ సాయంత్రం
ఇటు పది నిమిషాలు, అటు పది నిమిషాలు,
పసిబిడ్డకి ఉగ్గు పోసినట్టు
మైదానానికి నీళ్ళు పోశాను.
గడ్డి నవనవలాడింది.
క్లబ్బు అధ్యక్షుడు డాన్ ఆల్సిదెస్
కంచె మీద మోచేతులాన్చి
"ముసలాడికంటే నువ్వే నయం" అన్నాడు.
ఆ మాటని రెండు రోజులు చప్పరించాను.

మూడో శనివారం, ఆట నలభయ్యో నిమిషంలో,
ఎడమ వింగు రుఫీనో బంతితో గిరుక్కున తిరిగాడు.
కాలికింద పచ్చిక చాపలా చుట్టుకుని లేచింది.
మోకాలు పట్టుకుని పడిపోయాడు.
అందరూ వాడి దగ్గరికి పరిగెత్తారు.
నేను ఆ పెళ్ళ దగ్గరికి వెళ్ళాను.
తిరగేస్తే, వేర్లు గోరంత.
తెల్లగా, మెత్తగా,
ఎక్కడికీ వెళ్ళే పని లేనట్టు.
రోజూ గుమ్మంలోకే అన్నం వస్తుంటే
పనికి ఎవరు పోతారు?

ఆస్పత్రిలో బాల్తసార్ తిట్టలేదు.
"కత్తి ఎంత లోతు దిగింది?" అని అడిగాడు.
ఇంకా గుడ్డే విప్పలేదన్నాను.
కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

మర్నాటి నుంచి తెల్లవారుజాము నాలుగింటికి,
గాలి ఇంకా లేవకముందు,
ఎండ తన వాటా అడగకముందు.
ఈ గోలు నుంచి ఆ గోలు దాకా డబ్బాలు పరిచి
వాల్వు తిప్పాను.
అరగంటకి టార్చి వేసి చూస్తే
మొదటి దాంట్లో వేలి మందం నీళ్ళు,
రెండో దాంట్లోనూ అంతే,
ఐదో దాంట్లో ఒక చీమ, అదీ పొడిగా.
నాజిల్లో మట్టి. గుండుసూదితో తీశాను.
ఇన్నాళ్ళూ ఆ మూలకి నేను పోసింది
ఉత్త చప్పుడే.

గట్టి నేల ఒక్క గుక్కలో తాగదు.
పోసి, ఆపి,
ఒక మాతే తాగేంత సేపు కూర్చుని
మళ్ళీ పోయాలి.
కత్తి పదునులోకి
పిడి దాకా మెత్తగా దిగేవరకూ.
ఇక అప్పుడు కట్టెయ్యాలి.

కష్టమంతా ఆ కట్టెయ్యడంలోనే.
రెండో రోజు చేతులు దురదపెట్టాయి.
మూడో రోజు డాన్ ఆల్సిదెస్ వచ్చి
"రంగు తగ్గుతోంది, ఆదివారం రేడియో వాళ్ళొస్తున్నారు" అన్నాడు.
"రేడియోలో రంగు వినిపించదండీ" అన్నాను.
వాల్వు తాళంచెవి జేబులో,
దాని మీద నా పిడికిలి.

సాయంత్రాలు మైదానానికి అడ్డంపడి నడిచి
వెనక్కి తిరిగి నా అడుగులు చూసుకునేదాన్ని.
గడ్డి లేచి నిలబడితే, ఇంకా ఓర్చుకోగలదు.
నలిగినట్టే పడి ఉండి
బూడిద కలిసిన నీలం తిరిగిందా,
ఆ రాత్రి అలారం పెట్టుకునేదాన్ని.

మార్చిలో బాల్తసార్ చేతికర్రతో వచ్చాడు.
మధ్యగీత పక్కన కత్తితో చిన్న పెళ్ళ కోసి చూపించాను.
వేర్లు బెత్తెడు దాటాయి,
తెగిన కొసలు ఇంకా కింద ఉండిపోయాయి.
మెచ్చుకోలేదు. పెళ్ళని దాని చోటే పెట్టించి
కర్రతో అదిమాడు.
గోలు వెనక రుఫీనో మోకాలి పట్టీ సర్దుకుంటున్నాడు,
మా ఇద్దరి వైపూ చూడకుండా.

ఫ్లాస్కులో కాసిని నీళ్ళు మిగిలాయి.
అలవాటుకొద్దీ గడ్డి మీద వంపబోయాను.
నా మణికట్టు పట్టుకుని ఆపి
తన మాతే బుర్రలోకి ఒంపుకున్నాడు.
"దాని వంతు గురువారం."