చదివిన గుర్తు

ఉలాన్‌బాతర్‌లో రాత్రి ఒకటిన్నర.
బయట మైనస్ ముప్పై ఆరు. బొగ్గు పొగ
కిటికీకి ముఖం ఆనించి లోపలికి చూస్తోంది.

పన్నెండు నోడ్లు, ఒకటే ఫైల్ సిస్టం.
పన్నెండు గుడారాలకు ఒకటే బావి అంటాడు దవాసంబూ.
గోబీలో పుట్టినవాడు, దేన్నైనా నీళ్లలోకి దించే చెబుతాడు:
ఒకరు చేద వేస్తే మిగతావాళ్లు తాడు వదలాలి,
తాళమంటే అంతే.

ఐదింటికల్లా మంచు అంచనా వెళ్లాలి,
పశ్చిమాన గొర్రెల మందలున్న మూడు జిల్లాలకు.
రెండు గంటల లెక్క
ఐదో గంటలోనూ సగమే.
ప్రాసెసర్లన్నీ ఖాళీగా ఉన్నాయి,
విస్తళ్లు వేసి వడ్డన మరిచిన పెళ్లి బంతిలా.

సెట్టింగుల పేజీ తెరిచాను.
ఏళ్లుగా ఎవరూ దులపని అటక.
ఒక్కో పేరు పక్కన ఒక్కో అంకె,
ఎవరు పెట్టారో, ఏ రాత్రి ఏ భయంతో పెట్టారో.

జ్ఞాపకానికి వాటా పెంచాను, నాలుగు నుంచి పదహారుకు.
కాస్త కదిలింది.
తర్వాతి పేజీలు ముందే చదివి పెట్టుకోమన్నాను.
పొరపాటు. మావన్నీ చీటీలంత ఫైళ్లు,
తర్వాతి పేజీ అన్నదే ఉండదు వాటికి.
వెనక్కి తిప్పాను.
గుండె చప్పుడు గడువు మీదికి వెళ్లిన వేలు ఆగింది:
అది తగ్గిస్తే
కాస్త ఆయాసపడ్డ నోడ్‌ని కూడా
పోయిందనుకుని మిగతావి వెలివేస్తాయి.
నిరుడు ఏడో నోడ్‌కి అలాగే పాడె కట్టాం.
అది బతికే ఉంది.

అప్పుడు కనబడింది లాగ్‌లో.
ఈ గంటలో ఎవరూ ఏమీ రాయడం లేదు,
అందరూ చదువుతున్నారంతే.
అయినా డిస్కు నిండా రాతలు, రాతలు.
ఏం రాస్తున్నట్టు?
"చదివాను" అని.

ఫైల్ తెరిచిన ప్రతిసారీ
తెరిచిన వేళ అంచున రాయాలని నియమం.
ఆ ఒక్క ముక్క కోసం తాళం కావాలి,
తాళం మూడో దాని దగ్గర, మూడోది తొమ్మిదోదాన్ని అడుగుతుంటే
తొమ్మిదోది ఇంకా తన "చదివాను" తుడిచి ఆరబెడుతోంది.
పదిమంది చేతిలో పాము చావదంటారు,
ఇక్కడ పాము కూడా లేదు.

దవాసంబూకి ఫోన్ చేశాను.
రెండో రింగుకే ఎత్తాడు, ఉప్పు టీ చప్పరిస్తూ.
ఆ గుర్తు ఆపేస్తే?
కాసేపు చప్పరింత ఆగింది.
"నేనే పెట్టాను. చోటు చాలనప్పుడు
ఎవరూ చదవనివేవో పైవాళ్లకి చెప్పమన్నారు."
చెప్పారా?
"అలాంటివే ఎక్కువున్నాయి. చెప్పలేదు."
మళ్లీ చప్పరించి, ఆపెయ్, అన్నాడు.

ఆపాలంటే పన్నెండూ ఒకసారి దిగి ఎక్కాలి.
నదుల లెక్క నడిపిస్తున్న నార్మండఖ్‌ని నిద్రలేపాను,
తొమ్మిది రోజుల పని ఆమెది.
తిట్టింది. తర్వాత, ఇరవై నిమిషాలు ఆగు,
చేసినంతా దాచుకుంటాను, అంది.

ఆ ఇరవై నిమిషాల్లో
పరీక్ష కోసమని చేతికందిన ఫైల్ తెరిచాను.
ఎప్పుడో మూతపడ్డ ఒక కొండ స్టేషన్.
మంచు లోతు, సెంటీమీటర్లలో,
ఒకే మనిషి, ఇరవై రెండు చలికాలాలు.
ఒకచోట అంకె బదులు: కర్ర కనబడలేదు.
ఇంకోచోట: కుక్క మునిగి తేలింది, నలభై అనుకుంటా.

మూసి, అంచున వేళ చూశాను:
మూడు గంటల పన్నెండు. అది నేను.
నాకు ముందు ఎవరు, ఎన్నేళ్ల కింద తెరిచారో
ముందే చూసుకోవాల్సింది.
నా చదువే దాన్ని చెరిపేసింది.

దించాను. మార్చాను. ఎక్కించాను.
మళ్లీ అదే ఫైల్ తెరిచాను, కుక్క దాకా చదివాను.
మూడు గంటల పన్నెండు. కదల్లేదు.
పనిచేసింది.

నాలుగూ నలభైకి అంచనా బయల్దేరింది:
ఎల్లుండి సాయంత్రంలోగా మందల్ని దించండి,
గడ్డి దగ్గర పెట్టుకోండి.

ఇప్పటికీ అప్పుడప్పుడూ ఆ ఫైల్ తెరుస్తుంటాను.
దానికి తెలియదు.
దాని లెక్కలో నేను
ఆ ఒక్క రాత్రి వచ్చి వెళ్లినదాన్ని.