కింది వాటా

పై వాటాలో ఎసరు మరుగుతోందనుకున్నాను మొదట.
రోజూ సాయంత్రం ఆరింటికి,
పార్ను ఊరి మంచు కిటికీ అంచుల్ని కుట్టేసే వేళ,
చెక్క కప్పు మీద బుడబుడ, బుడబుడ,
మధ్యలో ఒక మూలుగు.

తర్వాత తెలిసింది: ఉర్మస్.
సామిల్లులో ముప్ఫై ఏళ్ళు
రంపం మీదుగా అరిచి అరిచి
అరుపు మిగుల్చుకుని, గొంతు పోగొట్టుకున్నవాడు.
ఇప్పుడు గ్లాసులో నీళ్ళు, నీళ్ళలో స్ట్రా,
అందులోంచి ఊ... అంటాడు.
మెట్ల మీద ఆపి మరీ చెప్పాడు:
"బుడగ తెగకూడదంది హెల్వె టీచరు. అంతే.
పాట సంగతి తర్వాత."

డిసెంబరంతా బుడగలే.
జనవరిలో గుర్రంలా పెదాలు బుర్రుమనిపించడం.
ఫిబ్రవరిలో, వేడి ఆలుగడ్డ నోట్లో పెట్టుకున్నట్టు
అంగిలి పైకెత్తి ఆవలింతలు,
ఆపైన దారి తప్పిన అంబులెన్సులా
కిందనుంచి పైకి, పైనుంచి కిందికి
ఒకటే జారుడు కూత.
ఒక్క పాటా లేదు.
ఎసరు మరుగుతూనే ఉంది,
బియ్యం పోసేదెప్పుడయ్యా!

నా తొమ్మిదో ఏట
బడి బృందంలో వెనక వరసకి తోసి
పంతులమ్మ నా చెవిలో అంది:
"మారెత్, నువ్వు పెదాలు ఆడించు చాలు."
ఆడించాను.
పాటల పండుగలో, అన్ని వేల గొంతుల నడుమ,
ఎర్రచారల పావడాలో,
గట్టున పడ్డ చేపలా.
అప్పుడు పడ్డ పచ్చి వెలక్కాయ
యాభై మూడేళ్ళు గొంతులోనే ఉంది.
పెళ్ళిళ్ళలో, చావుల్లో,
చివరికి మనవడి కేకు ముందర కూడా.

మార్చిలో పైన చప్పుడాగింది.
మెట్ల దగ్గర కనిపించాడు, మెడకి ఉన్ని గుడ్డ.
చీటీ రాసి చూపించాడు:
జలుబు. గుసగుసలు కూడా వద్దంది.
గుసగుస గొంతుకి గరుకు కాగితమట.

ఆరైంది.
ఫ్రిజ్ గురక తప్ప ఏమీ లేదు.
ఎందుకో గ్లాసు కడిగాను.
ఇంట్లో స్ట్రా ఎక్కడిది?
పిల్లాడి పండ్లరసం డబ్బాకున్నది పీకాను.
ఊ...
రెండు బుడగలు. తెగింది.
మళ్ళీ.
ఈసారి ముక్కు పక్కన, ఎముకలో,
సన్నగా ఏదో కదిలింది,
తేనెటీగ రెక్క దులుపుకున్నట్టు.
చుట్టూ చూశాను. నేనే.

పైన మడమతో రెండుసార్లు నేలని కొట్టాడు.
ఆపమనో, ఆపొద్దనో,
దవడ వదులు చెయ్యమనో.

వదులు చేశాను.