స్కేలు మీద మూడు గీతలు

పొద్దున తొమ్మిదికి ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
మొదట వాసన వస్తుంది.
మాగిన ద్రాక్షగుత్తి వాసన.
కొత్తగా చేరిన పిల్లలు "బాగుందే" అంటారు.
ప్లేట్లు కడిగే ఖాజాబీ మాత్రం ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని
"మళ్లీ ఆ పదిహేడో నంబరోడేనా?" అంటుంది.

పదిహేడో నంబరు
మగవార్డు కిటికీ పక్క మంచం నుంచి వచ్చింది,
దూదిపుల్ల కొసన ఆకుపచ్చ చీములో.
కర్నూలు మార్కెట్ యార్డులో ఉల్లి మూటలు మోసే
మద్దిలేటి ఎడమ పాదంలోంచి.
మేకు దిగిందట.
ఆరెంపీ ఇచ్చిన మాత్రలు రెండు రోజులు మింగి
నొప్పి తగ్గితే, మిగిలినవి జేబులో వేసుకుని పనికి పోయినాడట.
తర్వాత ఇంకో షాపు. ఇంకో రకం. మళ్లీ సగమే.
ఆ సగం మాత్రలే దీనికి బడి.
ఒక్కో తరగతీ పాసై
పెద్దాసుపత్రి దాకా వచ్చింది.

మందు బిళ్లలు పెట్టి చూశాం.
కంచె దాకా మేసిన గొర్రెల మంద మాదిరి
బిళ్ల అంచుదాకా మేసింది.
సిప్రో చుట్టూ ఏమీ లేదు. జెంటా చుట్టూ ఏమీ లేదు.
అన్నిటికన్నా ఖరీదైన దాని చుట్టూ
కంటి కింద నీడంత.

అందుకే నేను ఆకులు పట్టుకున్నాను.
ఉత్తరేణి, నల్లేరు, గడ్డిచామంతి, సీతాఫలం ఆకు,
జగన్నాథగట్టు మీది తంగేడు.
నీడన ఎండబెట్టి, మిక్సీ పట్టి,
మిథనాల్‌లో మూడు రోజులు నానేసి
అడుగున మిగిలిన తారు లాంటిదాన్ని గీకి తీశాను.
అన్నం కలిపినా చేతికి అదే వాసన.

గడ్డిచామంతి మీద నాకు నమ్మకం ఎక్కువ.
చిన్నప్పుడు కొడవలి తెగితే
మా అవ్వ నలిపి పెట్టింది దాన్నే.
పదిహేడో నంబరు దాని మీదుగా నడిచిపోయింది.
అవ్వ అబద్ధం చెప్పలేదు.
అవ్వ చూసిన పురుగు ఇంత చదువుకోలేదు.

తంగేడు చుట్టూ మాత్రం
ఒక ఖాళీ వలయం.
స్కేలు పెట్టాను. పన్నెండు మిల్లీమీటర్లు.
ఒక చేతికి గ్లవుజు అట్లాగే ఉండగా
వరండాలో పరిగెత్తాను.

హెలెన్ మేడం ప్లేటును వెలుతురుకు ఎత్తి చూసి
"ఉత్త ద్రావణం బిళ్ల యాడ పెట్టినావ్?" అన్నారు.
పెట్టలేదు.
బిళ్లలు చాల్లేదు,
ఒక్కటి తగ్గితే ఏమవుతుందిలే అనుకున్నాను.
మద్దిలేటీ అట్లాగే అనుకున్నాడు.

రెండోసారి వేసిన రాత్రి కరెంటు పోయింది.
ఆ ప్లేట్లు లెక్కలోకి రావు.
మూడోసారి,
తంగేడు పన్నెండు.
ఉత్త ద్రావణం తొమ్మిది.

మిగిలింది స్కేలు మీద మూడు గీతలు.
"అట్లా తీసివేత చేయకూడదు" అన్నారు మేడం.
"ఇంకా చాలాసార్లు చెయ్యి.
చంపింది అని రాయొద్దు.
నయమవుతుంది అని అసలే రాయొద్దు.
కొంచెం ఆగింది అని రాయి.
ఎంత మోతాదుకో, అది కూడా రాయి."

ఈలోగా మద్దిలేటి పాదం తీసేశారు.
ఆ పాదం ఎక్కడికి పోయిందో నాకు తెలీదు.
దాన్ని తిన్నది మాత్రం మా ఫ్రీజర్‌లో
మైనస్ ఎనభైలో, చిటికెన వేలంత గొట్టంలో
భద్రంగా ఉంది.
మూత మీద నా చేతిరాత.

నిన్న కట్టు మార్పించుకోను వచ్చి
కర్ర గోడకు ఆనించి
ల్యాబ్ కిటికీలోంచి అడిగాడు.
"పాపా, నా పురుగు ఎట్లుంది?"

బాగుందన్నా, అని ఎట్లా చెప్పేది?
స్కేలు చూపించాను, మూడు గీతలూ.
"ఇంతేనా?" అన్నాడు.
"అంత కూడా కాదేమో అన్నా."

కాసేపు ఆ గీతల్నే చూశాడు,
కాటా దగ్గర తూకం చూసినట్టు.
"ఆ తంగేడు మా కోడుమూరు దోవలో శానా ఉంటాది.
ఆటో వానికి చెప్తే తెస్తాడు.
ఎన్ని మోపులు గావాల?"

ఈ పొద్దు ఖాజాబీ
పాత పేపర్ల మీద ఆకు పరిచి
పసుప్పూలు ఏరి పక్కన వేస్తోంది.
పూలు కలిస్తే లెక్క తప్పుతుందని నేనే చెప్పాను.
నేను ప్లేటు అడుగున మార్కర్‌తో రాస్తున్నాను:
పదిహేడు. తంగేడు. నాలుగోసారి.

పట్టకారుతో తీసిన మొదటి బిళ్ల
ఉత్త ద్రావణానిది.