చేపు

రెండు దినాలాయె కరెంటు పోయి.
అంకీస అవతల మా సబ్‌సెంటర్ల
ఫ్రిజ్ తలుపు తీస్తే ఉక్క,
ఐస్ డబ్బాల వట్టి నీళ్లు.
నీళ్లల్ల తేలుతున్నై మూడు గాజు బుడ్లు,
ఆక్సిటోసిన్.
చలువల లేకుంటే సత్తువ పోతదని
చంద్రాపూర్ ట్రైనింగుల డాక్టరమ్మ మరాఠీల చెప్పింది,
నేను తెలుగుల రాసుకున్న.

తొమ్మిది పూసల గొలుసట అది.
ఆరు పూసలు ముడి, మూడు పూసలు తోక.
తలకాయల శనగగింజంత గ్రంథి,
దాని వెనుక అరల దాగి ఉంటదట.
మొగోళ్లకూ ఉంటదంటే
మా ఆయన నమ్మలే.

పాల రాజీరుకు ఇవన్ని ఎరుకలేదు.
దూడ సచ్చిన బర్రెకు పొడుస్తానికి
"సిస్టర్, ఒక్క బుడ్డి" అనుకుంట వచ్చిండు.
తిట్టి తోలిన.
వాళ్ల తాత కాలంల
దూడ తోలుల గడ్డి కూరి ముందట నిలబెడితే
దాన్ని నాకుకుంట నాకుకుంట
చేపేదట బర్రె.
చేపు.
గొలుసును పూసలు పూసలుగ లెక్కవెట్టకముందే
మాకు ఆ మాట ఉన్నది.

కోడి కూసే యాళ్లకు పండ్రి కన్నది, ఆడపిల్ల.
మాయ పడ్డది గాని నెత్తురు ఆగలే.
రెండు బుడ్లు తొడకు పొడిచిన,
అండ్ల మందున్నదో, వట్టి నీళ్లున్నయో.
పొత్తికడుపు మీద నా అరచెయ్యి,
కింద గర్భసంచి
నానిన పిండి లెక్క మెత్తగ.
అంబులెన్సు సిరొంచ దాటలేదని ఫోన్ల చెప్తున్నరు.
నేను గుడ్డలు లెక్కవెడుతున్న, నాలుగు, ఐదు.

పండ్రి అత్త నన్ను అడగలే.
పిల్లను తెచ్చి రొమ్ముకు అంటించింది,
పిల్ల ఎతికింది, జారింది, మల్ల ఎతికి
దొరకవట్టుకున్నది.

ఎంత సేపో.
నా చెయ్యి కింద ఏదో ముడుచుకున్నది.
విప్పుకున్నది. మల్ల ముడుచుకున్నది,
ఈసారి మారేడుకాయ లెక్క.
ఆరో గుడ్డ సగమే తడిసింది.

రిజిస్టర్ల రాసిన: ఇంజక్షన్, రెండు.
అత్త పేరు రాయనీకి గడి లేదు.
ఆమె గోండిల ఏదో అన్నది, పండ్రి నవ్వింది,
పిల్ల రొమ్ము ఇడిచి కెవ్వుమన్నది.

అప్పుడు చూసుకున్న,
నా తెల్లచీర ముందట రెండు తడి మరకలు.
ఏడు నెలల నా బిడ్డ
సిరొంచల మా అక్క తాన నిద్రల ఉన్నది.
ఏడ్చింది అది కాదని
నా ఒంటికి ఎవరు చెప్పాలె?