పాట

బరంపురం, గిరి రోడ్డు వెనక సందు.
మంట మీద గాజుగొట్టం వంచుతున్నాడు దండాసి మామ.
పాలకొండ నుంచి వచ్చి రెండు నెల్లు.
ఒడియా రాదు.
అక్షరాలు మాత్రం తిరగేసి వచ్చు,
అద్దంలో చూసినట్టు.

చీరల కొట్టు బోర్డు వెలగలేదు.
ట్రాన్స్‌ఫార్మర్ పోయిందన్నాన్నేను.

"పోనేదురా గుంటా. నియాన్ ఎక్కువ పోసీసినావు.
లోపలున్న ఎలక్ట్రానుకి పరిగెట్టడానికి జాగా ఏదీ?
నాలుగడుగులెయ్యగానే ఎవుడో ఒకడు తగుల్తాడు.
ఊరికే తగిల్తే ఏటవుద్ది,
ఇది పక్కకి తిరిగిపోద్ది,
ఆడు కదలనైనా కదల్డు."

పంపు నడిచింది. పాదరసం గీత మెల్లగా దిగింది.

"సాలు, ఆపు! మరీ తోడీకూడదు.
ఈ కొసనుంచి ఆ కొసకి
ఎవుణ్ణీ తాకకుండా ఎల్లిపోద్ది.
ఎల్లి ఏటి లాబం?"

కొలిమి పక్కన నా అరచేతులు తడిసిపోయాయి.
మీట వేశాడు.
మొదట ఓ మూల
సన్నటి దారం వణికింది.
అది తెగిందనుకున్నాను.
ఇంతలో
తగినంత పరుగు తీసి తగిలినదెవరో,
తగిలించుకున్నదెవరో,
దెబ్బని క్షణమైనా దాచుకోలేక
ఎర్రగా బయటపెట్టేశారు
ఒకరి తర్వాత ఒకరు,
గొట్టం నిండా.

గుండ్రటి తలలతో రెండక్షరాలు.
"పాట" అని చదివాను.

"సీరల కొట్టుకి పాటేటిరా?"
"ఒడియాలో పాటంటే పట్టు, మామా."

అతను కాసేపేమీ అనలేదు.
ముక్కుమీద ఎర్రటి వెలుగు.
"నానైతే
పాటనుకునే ఒంచినాను" అన్నాడు.