పురి

గుండె వెనక బాతుగుడ్డంత నీడ.
ఊపిరితిత్తిది అనుకున్నారు అందరూ.
"జన్మలో పొగ తాగలేదు, గొర్రెల వెంట గాలి తాగానంతే,"
అంది స్టేయినున్, ఉన్ని వడుకుతూనే.

అకురేరిలో ఆ వారమంతా మంచు.
అన్నవాహికలోంచి సూదితో తీసిన ముక్క
బియ్యపు నూకంత, నా బల్ల మీదికొచ్చింది.
అద్దం కింద కదురు కణాలు, ఒరుసుకుంటూ.
రంగు వేస్తే గోధుమవన్నె తిరిగాయి.
ఊపిరిది కాదిది,
కడుపుది.
పొర సందులోంచి ఎన్నడో పైకెక్కి
ఛాతీలో కాపురముంటున్న కడుపుది.

రోజుకో మాత్ర. తొమ్మిది నెలలు. కళ్ల కింద ఉబ్బు.
బాతుగుడ్డు పిచ్చుకగుడ్డయ్యాక
కోశారు, కడుపును కిందికి దించారు,
సందు కుట్టేశారు.

చూస్తానంటే చూపించాను.
కంటిని అద్దానికి ఆనించి చాలాసేపుంది.
"ఎవరు వడికారో గానీ,
పురి మరీ ఎక్కువైంది."