ఇంటిదొంగ

దేవుడికైనా దొరకని ఇంటిదొంగను పట్టడం నా ఉద్యోగం.
దొంగ పేరు గాలి.
ఎర్రగుడ్డ బిగించిన చట్రం, దాని మధ్య ఒక ఫ్యాను,
అంకెలు చూపే చిన్న పెట్టె,
వ్యానులో వేసుకుని
నవంబరులో హియుమా దీవికి పడవెక్కాను.
సముద్రమూ ఆకాశమూ ఒకే తడిసిన బొంత.

లెయిదాకు అరవై తొమ్మిదేళ్ళు.
రేవులో ముప్ఫయ్యేళ్ళు టిక్కెట్లు చింపిన చేతులతో
రై గడ్డి దిమ్మెలు పేర్చి, బంకమన్ను తొక్కి,
పొరుగింటి ఊనోను తిట్టి, బతిమాలి, మళ్ళీ తిట్టి
ఈ ఇల్లు లేపింది.
మూరెడు మందం గోడ.
పడవల కొట్టం కప్పు మీద పద్నాలుగు సోలార్ పలకలు.
"డిసెంబరులో అవీ నాలాగే,
పొద్దెక్కాక లేచి, టీ పెట్టి, మళ్ళీ ముడుచుకుంటాయి" అంది.

తలుపులో ఫ్యాను బిగించాను.
యాభై పాస్కల్స్.
ఇల్లు ఊపిరి బిగబట్టింది.
సున్నా పాయింట్ తొమ్మిది.
ఆరు దాటకూడదు.
"పరీక్ష తప్పానా?"
"ఇంకా లేదు. చెయ్యి తడుపుకో."

తడిచేతి వెనక చర్మానికి తెలిసినంత
ఏ యంత్రానికీ తెలియదు.
ఇద్దరం గోడల వెంట పాకాం,
జారిన ముక్కుపుడక వెతుక్కునేవాళ్ళలా.
అటక మూత దగ్గర సన్నగా ఒకడు.
స్విచ్చుబోర్డు వెనక ఇంకొకడు.
అసలువాడు ఉత్తరం గోడలో,
సత్యపు కిటికీలో.

గడ్డి ఇళ్ళు కట్టేవాళ్ళకు అదొక ముచ్చట.
పూతంతా అయ్యాక అరచెయ్యంత చోటు
మన్ను మెత్తకుండా వదిలి అద్దం పెడతారు,
నమ్మనివాళ్ళు వచ్చి చూసుకోవడానికి:
అవును, గడ్డే.
లెయిదా దానికి చెడిపోయిన గోడగడియారం చట్రం బిగించింది.
ఆ చట్రం పక్కన వెంట్రుకంత సందులోంచి
చల్లగా నా మణికట్టు మీదికి ఊదుతున్నాడు దొంగ.

టార్చి వేశాను.
అద్దం వెనక, ఎండుగడ్డి మధ్య
పచ్చగా ఒక మొలక.
నూర్పిడిలో తప్పించుకున్న గింజ ఏదో
గోడలో దాక్కుని మొలిచింది.

"చూశావా, నా ఇల్లు బతికే ఉంది!"
నెల రోజులుగా పొద్దున లేవగానే
దానికి 'తెరె' అని పలకరింపు చెబుతోందట.

ఎలా చెప్పను?
నీ సూపు ఆవిరి, నీ స్నానం, నీ ఊపిరి
ఆ సందులో దూరి, చలిగోడలో నీరై
గింజను తడిపాయి.
ఇవాళ మొలక, రేపు బూజు,
ఎల్లుండి నీ మూరెడు గోడ మురిగిన ఎరువు.
కొన్ని ఇళ్ళలో జబ్బు పచ్చగా, ముద్దుగా ఉంటుంది.
చెప్పాను. ఇంత బాగా కాదు,
నీళ్ళు నములుతూ చెప్పాను.

లెయిదా చాలాసేపు మాట్లాడలేదు.
ఫ్యాను ఒక్కటే హోరు.
తర్వాత స్క్రూడ్రైవర్ తెచ్చి
గడియారం చట్రం ఊడదీసింది.
కంట్లో నలుసు తీసినంత మెల్లగా మొలకను లాగి
పిడి విరిగిన కప్పులో నాటింది.
తడిగడ్డి గుప్పెడు పీకి పొడిది కూరింది.
తేనెమైనం కరిగించి అంచంతా పూసింది.
అటక దగ్గర, స్విచ్చు దగ్గర
ఊనో తెచ్చిన టేపు నేను అంటించాను.
కిటికీ మూసేద్దామా అంటే
"నిజం ఉండనీ. ఊదకుండా ఉంటే చాలు" అంది.

మళ్ళీ ఫ్యాను.
సున్నా పాయింట్ ఐదు ఎనిమిది.
ఆపేశాను.
బయట గాలి జునిపెర్ పొదల్ని పట్టుకు దులుపుతోంది.
లోపల కొవ్వొత్తి నిటారుగా నిలబడింది.
"సముద్రం వినబడటం లేదు" అంది లెయిదా,
సంతోషమో దిగులో తేలని గొంతుతో.

తిరుగు పడవలో కాగితాలు నింపాను.
తాలిన్‌లో నా ఫ్లాటు తొమ్మిదంతస్తుల సిమెంటు డబ్బా.
కిటికీ సందుల్లో పాత స్వెట్టరు కుక్కి పడుకుంటాను.
అక్కడ ఈ ఫ్యాను ఎప్పుడూ బిగించలేదు.
దొంగతో కాపురం, కదిలిస్తే ఖర్చు.

హెల్తెర్మా రేవు దీపాలు కనుమరుగయ్యాక
గుర్తొచ్చింది:
ఆ రై మొలకకు
నీళ్ళెక్కువ పోయొద్దని
చెప్పడం మరిచిపోయాను.